సన్‌షేడ్ కింద మా అవ్వ

నా చిన్నప్పుడు, కోయంబత్తూరు దగ్గర సూలూరు రోడ్డులో మిల్లుకు ఎదురుగా కట్టిన ఒక అంగడి ముందు, మా అవ్వ చేటలో చిన్న ఉల్లిపాయలు పోసుకుని కూర్చున్న పూట ఒకటుంది. ఏ కాంక్రీటు నీడన నిలబడినా ముందు తల పైకెత్తి చూసే అలవాటు నాకు ఆ పూటతోనే వచ్చింది.

ఆ అంగడి మా మామ సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. మామ అంటే మా అమ్మకు తమ్ముడు, అవ్వకు ఒక్కగానొక్క కొడుకు. అప్పటిదాకా వేరే మేస్త్రీల దగ్గర పనిచేసేవాడు. కింద అంగడి, పైన కాపురం, ముందుకు వెడల్పాటి సన్‌షేడ్. ఆ సన్‌షేడ్‌కు స్తంభాలుండవు, గోడలోంచి అలా బయటికి వచ్చి నిలబడాలి. మిల్లులో పనిచేసే ఆడవాళ్లు షిఫ్టు విడిచాక బస్సు కోసం ఆగేది అక్కడే. వాళ్లు నీడన నిలబడితే తనకూ గిరాకీ పెరుగుతుందని ఓనరు ముచ్చటపడి దాన్ని పెట్టించుకున్నాడు. ఆయనా మా తెలుగువాడే.

సన్‌షేడ్‌కు ఇనప కమ్మీలు కట్టే రోజుల్లో బడి విడవగానే నేను అక్కడికే పరుగెత్తేదాన్ని. ఒకసారి మామ నా చెయ్యి ముందుకు చాపించి, అరచేతిలో ఇటుక పెట్టి, నొప్పి ఎక్కడుందని అడిగాడు. భుజం పైన అన్నాను. "అంతే కన్నూ. ఈ సన్‌షేడ్ కూడా చాచిన చెయ్యే. బరువు లాగేది పైనే. అందుకే ఈ ఇనప కంబి పైన ఉండాల. కిందికి దిగిందంటే వేసినా వేయనట్టే" అన్నాడు. ఇటుక బరువుకంటే, మామ నాకు పెద్దవాళ్ల సంగతి చెప్పాడన్న గర్వమే ఎక్కువగా ఉండింది.

కాంక్రీటు పోసిన సాయంత్రం వాన ముంచుకొచ్చింది. తట్టలు మోసేవాళ్లు తొందరలో కమ్మీలనే తొక్కుకుంటూ తిరిగారు. మామ వద్దు వద్దంటూనే ఉన్నాడు కానీ, ఎవరికీ నిలిచి వినే తీరిక లేదు. ఎలాగో పని ముగిసింది. ఆ తర్వాత మామ మునుపటి మనిషి కాడు. కలిపిన అన్నం ముద్దను పళ్లెంలోనే వదిలేసి లేచేవాడు. తెల్లారకముందే వెళ్లి సన్‌షేడ్ మీద నీళ్లు పోసి, దాని కింద ఆనించిన సరుగుడు కర్రలను ఒక్కొక్కటీ తడిమి వచ్చేవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే "బాగా వచ్చింది" అనేవాడు. కర్రలు ఎప్పుడు తీస్తావని ఓనరు అడిగితే మాత్రం, ఇంకా పచ్చిగా ఉందని వాయిదా వేసేవాడు. అలా వేసీ వేసీ అంగడి తెరిచే ముహూర్తం దగ్గరికొచ్చింది. ఇక కర్రలు తియ్యక తప్పలేదు.

ఆ రోజు మామ సుత్తి తీసుకుని సన్‌షేడ్ అంచు దగ్గర నిలబడ్డాడు. ఓనరు, పనివాళ్లు, వీధి పిల్లలం దూరంగా ఉన్నాం. అప్పుడు అవ్వ చేట చంకన పెట్టుకుని వచ్చింది. ఎవరినీ అడగకుండా నేరుగా ఆ కర్రల మధ్యకు వెళ్లి, గోడకు చేరగిలబడి కూర్చుని ఉల్లిపాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇక్కడ ఏమి పని నీకు? ఇంటికి పో" అన్నాడు మామ.

"ఇంట్లో ఉక్కగా ఉండాది. నా కొడుకు కట్టిన నీడ ఉండగా ఇంటికెందుకు పోవాల?"

ఓనరు నవ్వి, "ఉండనీ తంబీ, పెద్దామె మొదట కూర్చుంటే మంచిదే కదా" అన్నాడు.

మామకు నవ్వు రాలేదు. మొదటి కర్ర అడుగున బిగించిన చెక్కను సుత్తితో కొట్టాడు. కర్ర వదులైంది. దాన్ని పక్కకు పడేసి రెండోదాని దగ్గరికి వెళ్లాడు. అది కదలగానే పైనుంచి సన్నటి ఇసుక రాలి అవ్వ తలమీద, ఉల్లిపాయల మీద పడింది. అవ్వ చేటను ఒకసారి చెరిగి, మళ్లీ ఒలుస్తూ కూర్చుంది. చాచిన చెయ్యి, ఇటుక, వాన, తొక్కిన కమ్మీలు అన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అవ్వ దగ్గరికి వెళ్లబోయాను. ఆమె చూసిన చూపుకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"అమ్మా, ఇట్లా రా" అన్నాడు మామ మళ్లీ.

"ఎందుకురా? గట్టిగానే కట్టినావు కదా. కొట్టు."

మామ సుత్తి ఎత్తాడు. అది ఎంతసేపు గాలిలో ఉండిందో నాకు తెలియదు. కొట్టలేకపోయాడు. సుత్తిని కింద పెట్టి, వంగి లోపలికి వెళ్లి, అవ్వను రెండు చేతులా ఎత్తి రోడ్డు మీదికి తెచ్చాడు. అప్పుడు ఓనరు వైపు తిరిగి, తల వంచుకుని చెప్పాడు. "అన్నా, ముహూర్తానికి అంగడి ఇయ్యలేను. పోసేనాడు కంబి కిందికి దిగిపోయినాది. చూసినాను, చెప్పలేదు. నా మొదటి పని, పేరు పోతాదని భయపడినాను."

తీసిన కర్రలు మళ్లీ నిలబెట్టారు. ఓనరు నాలుగు మాటలు అనకపోలేదు. వీధిలో కొందరు మామను చేతకానివాడన్నారు కూడా. ఆ సన్‌షేడ్‌ను మామే పగలగొట్టాడు. పైన ఉండాల్సిన కమ్మీలు అడుగుకు అంటుకుని పడి ఉండడం నేను కళ్లారా చూశాను.

ఆ సాయంత్రం, కంబి సంగతి నీకెలా తెలిసిందని అవ్వను అడిగాను. "కంబి సంగతి నాకేమి తెలుసు కన్నూ? నా కొడుకు అన్నం తినేది లేదు. అది తెలుసు" అంది. పిలిచి అడగకపోయావా అన్నాను. "అడిగితే బాగుండాదనేవాడు. తల్లికి అబద్ధం చెప్పొచ్చు. తల్లి నెత్తిన దాన్ని పడెయ్యలేడు కదా." మరి నీకు భయం వెయ్యలేదా అంటే, "వేసినాది. ఉల్లిపాయలు ఎందుకు తీసుకుపోయినాను అనుకున్నావు? ఉత్త చేతులైతే వణికేది వానికి కనిపిస్తాది" అంది.

రెండోసారి పోసిన సన్‌షేడ్‌కు కర్రలు తీసిన రోజున, ఎవరూ చెప్పకుండానే మామ వెళ్లి దాని కింద కూర్చున్నాడు. సుత్తి పనివాడి చేతికిచ్చాడు. తర్వాత కోయంబత్తూరులో ఎన్నో ఇళ్లు, కాంప్లెక్సులు కట్టాడు. చేతికర్ర పట్టుకునే వయసులోనూ ఆ పద్ధతి మానలేదు. ఆ అంగడి ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. దాని నీడన ఇప్పటికీ బస్సు కోసం జనం నిలబడుతున్నారు.

నేను కట్టడాల జోలికి పోలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో చేరి, అక్కడే ముసలిదాన్నయ్యాను. దించిన ప్రతి గుండిగలోంచి ముందు ఒక గరిటె నేను తిన్నాకే పిల్లలకు పెట్టాను. తోటివాళ్లు నన్ను తిండిపోతునని ఆటపట్టించేవారు. అనుకోనీ అని ఊరుకున్నాను.

మొన్న మా అబ్బాయికి ఆపరేషన్ అని తెలిసిన రోజున, కోడలు వంటింట్లోకి వచ్చి, ఇన్ని ఉల్లిపాయలు ఎందుకు ఒలుస్తున్నావత్తా, సాంబారుకా అని అడిగింది. అవునన్నాను.