ఏడు ఒకట్లు

డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా నా స్నేహితురాలు దసరా సెలవులకు నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. శ్రీకూర్మం వెళ్ళే దారిలో ఉండేది ఆ ఊరు. నేను విజయనగరంలో పుట్టి పెరిగినదాన్ని. చుట్టూ పొలాలున్న ఇంట్లో ఉండటం నాకు అదే మొదలు. వెళ్ళిన రోజే ముసురు పట్టింది. రోడ్డు మీదికి నీళ్ళొచ్చి బస్సులు ఆగిపోయాయి. రెండు రోజులుండి వెళ్ళిపోదామనుకున్నదాన్ని అక్కడే ఉండాల్సి వచ్చింది.

సెలవులిచ్చే ముందు మా లెక్కల మేష్టారు బోర్డు మీద వరసగా ఏడు ఒకట్లు వేశారు. పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. ఇది ప్రధాన సంఖ్యో కాదో చూసుకు రమ్మన్నారు. ప్రధానమైతే ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించకూడదు. అంత చక్కని సంఖ్యను ఏదీ విరగ్గొట్టలేదని నా స్నేహితురాలి నమ్మకం. నాకు అనుమానమే.

వాళ్ళ నడవకి కొత్తగా సిమెంటు చేయించారు. సుద్దముక్కలు పట్టుకుని ఆ నేల మీదే భాగహారాలు మొదలుపెట్టాం. మూడు, ఏడు, పదకొండు, పదమూడు, ఇలా చిన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ, ఒకటి ఆమె, ఒకటి నేను. ప్రతిసారీ ఎంతో కొంత మిగిలేది. మిగిలినప్పుడల్లా ఆమె ముఖం వెలిగేది. వాళ్ళమ్మ మా లెక్కలు తొక్కకుండా గోడవారగా నడుస్తూ అడిగేది.

"ఏటే, ఆ ఒకట్లు ఇంకా తెగనేదా?"

తెగకూడదనే తన కోరిక అని నా స్నేహితురాలు నవ్వుతూ చెప్పేది.

ఒక మధ్యాహ్నం రెండువందల ముప్ఫై తొమ్మిది ఆమె వంతుకొచ్చింది. భాగించి, ఆ లెక్కనే చూస్తూ కూర్చుంది. వంగి చూశాను. కింద సున్న. పక్కనే మళ్ళీ చేసింది. మళ్ళీ సున్నే. భాగఫలం నాలుగువేల ఆరువందల నలభై తొమ్మిది. నా అనుమానమే నిజమైనా, ఆమె ముఖం చూస్తే నాకు సంతోషం కలగలేదు.

ఇక ఆ భాగఫలం కూడా విరుగుతుందేమో చూడాలి కదా అని సుద్దముక్క అందుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ఇది ఇరిగితే, డెబ్బైలోపు సిన్నదేదో ఒకటి దీన్ని భాగించాల. అప్పుడది ఆ పెద్దదాన్ని కూడా భాగించాల కదే. సిన్నవన్నీ మనం సూసేసినాం. ఒక్కటీ భాగించనేదు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. పనికిరాలేదనుకున్న లెక్కలన్నీ నడవ నిండా ఉన్నాయి. వాటి వల్లనే ఇప్పుడు ఒక్క భాగహారం కూడా చెయ్యనక్కర్లేదు. ఏడు ఒకట్లూ ఆ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమే. ఆమె నేల మీద వెల్లకిలా పడుకుని నవ్వడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మ ఏం జరిగిందో అడగకుండానే ఉడకబెట్టిన వేరుశనగకాయలు తెచ్చి మా మధ్య పోసి, తనూ కూర్చుంది.

మర్నాడు ఎండ కాసింది, బస్సులు తిరిగాయి. నేను మాత్రం బయల్దేరలేదు. సెలవులయ్యేదాకా అక్కడే ఉండిపోయాను.