జోడి లేని చక్రం

మరిపెడలో ఖమ్మం రోడ్డు మీద కార్లు బాగుచేసే షరీఫ్‌కు ఒకటే పట్టింపు. జోడి లేని పాత చక్రాన్ని షెడ్డు గడప దాటనివ్వడు. జోడి ఉన్నదాన్ని ఎవరికోసమో దాచిపెడతాడు. అందుకే ఆ చక్రాల కుప్ప తరగడం కూతురు షాహీన్ బుద్ధెరిగాక ఎన్నడూ చూడలేదు.

షాహీన్ మానుకోటలో కుట్టుపని నేర్చుకొని వచ్చింది. సోమవారం రెండు కుట్టుమిషన్లు వస్తున్నాయి. షెడ్డులో సగం నీదేనని తండ్రి మాటిచ్చాడు. ఆ సగంలో నలభై ఒక్క చక్రాలు కాపురముంటున్నాయి.

"ఒక్కొక్కటి ఏ బండిదో చెప్పు అబ్బాజాన్, రాస్త," అంది సుద్దముక్క పట్టుకొని.

షరీఫ్ ఒక చక్రాన్ని స్పానర్‌తో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "గిది తొర్రూరు పెండ్లి కారుది. పిల్లగాడు అలిగి దిగిపోతే గంటసేపు ఎండల నిలబడ్డది, పాపం."

"ఎవరు, పిల్లగాడా?"

"చక్రం."

"తుక్కుకు ఎయ్యొచ్చా?"

"దీని జోడి దొరకలే. ఒంటిగ ఎట్ల పంపుత?"

తుక్కు కొనే ఎల్లయ్య ట్రాలీ ఆటో వేసుకొని మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ చాయ్ తాగి వెళ్లాడు. "చెల్లె, మీ చాయ్‌లకు నేను బరువెక్కుతున్న గని నా ఆటో బరువెక్కుతలేదు," అని మొత్తుకున్నాడు.

షాహీన్‌కు ఒళ్లు మండింది. శుక్రవారం తండ్రి నమాజుకు వెళ్లగానే ఎల్లయ్యను పిలిపించి, "మొత్తం ఎక్కియ్యన్నా," అంది.

సగం ఎక్కాయో లేదో, తండా నుంచి రైతు వాల్యా ఎడ్లబండి తోలుకొచ్చి ఆపాడు. బండికి ఉన్నవి పాత కారు చక్రాలే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎడమ ఎద్దు మెడ మీద పుండు పడింది.

"షరీఫన్న నాకు జోడి తీసిపెడతనన్నడు బిడ్డా. గవేనా ఆటోల పోతున్నయి?"

"ఏవో రెండు తీసుకోరాదా అన్నా?"

"సైజు కలవకుంటే బండి ఒక్కదిక్కు ఒరుగుతది. బరువంత ఒక్క ఎద్దు మీదనే. గీ పుండు చూసే మీ నాయిన నిన్న నన్ను రోడ్డు మీద ఆపి తిట్టిండు."

"పైసలెంత అడిగిండు?"

"పైసల్లేవు, బదలా. నా రెండు ఆయనకియ్యాలె, ఆయన జోడి నాకిస్తడు. మా తండల అందరికీ గట్లనే ఇచ్చిండు."

కుప్ప ఎందుకు తరగదో షాహీన్‌కు అప్పుడు అర్థమైంది. మంచివి రెండు పోతుంటే పనికిరానివి రెండు వస్తున్నాయి. తండ్రి మీద కోపం, ప్రేమ రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

నమాజు నుంచి వచ్చిన షరీఫ్ దొంగతనం బయటపడ్డవాడిలా నిలబడ్డాడు. "ఊకెనే ఇస్తనంటే తీసుకోరు బిడ్డా. మొగమాటపడతరు," అన్నాడు మెల్లగా.

ఆటోలోవన్నీ మళ్లీ కిందికి దిగాయి. ఎల్లయ్య నాలుగో చాయ్ అడిగాడు. ముందు వాల్యా బండికి జోడి బిగించి పంపారు. తరువాత తండ్రీకూతుళ్లు సాయంత్రం దాకా కూర్చొని బోల్టుల చిల్లులు లెక్కపెట్టి, జోడీలు కలిపి గోడకు పేర్చారు. పగిలినవాటికి ఎన్నేళ్లున్నా జోడి రాదని షాహీన్ ఒప్పించింది. షరీఫ్ ఒక్కోదాన్ని తడిమి మరీ ఎల్లయ్యకు అప్పగించాడు. సగం షెడ్డు ఖాళీ అయింది.

సోమవారం మిషన్లు వచ్చాయి. కూతురి తొలి కుట్టు చూద్దామని తల్లి లతీఫా బేగం ఉరికొచ్చింది. జాకెట్ అనుకుంటే, దూది కూరిన మందపాటి మెత్త ఒకటి మిషన్ మీద ఉంది.

"గిది ఎవరిదే?"

"వాల్యా అన్న ఎద్దుది అమ్మీ. పుండు మానినంక కాడి కింద పెట్టడానికి."

"ఎద్దుకు కొలతలెట్ల తీసుకున్నవే తల్లీ!"

"మెడకు టేపు పెట్టిన. మన ఆడోళ్లకన్న నయం అమ్మీ, ఊపిరి బిగబట్టకుండ నిలబడ్డది."