పేరున్నవాళ్ళ ఎముకలు

టికెట్టు కొనుక్కుని మరీ శ్మశానానికి టూర్ వెళ్ళింది అమెరికాలో మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మావారిని అక్కడికి రప్పించడానికి నాకు వేరే దారి లేకపోయింది. ఐఫోన్లు ఇంకా రాని రోజులు. ఫొటోలు తీసుకోవచ్చంటే కెమెరా సర్దుకుని బయల్దేరారు.

గంట డ్రైవ్ దూరంలో, పాత సిటీలో, గుట్ట మీద ఉంటుందది. మా పాప అక్కడే ఉంది. ఇరవై ఒకటో రోజున పేరు పెడదామనుకున్నాం, ఆ రోజు దాకా ఉండలేదు. పసిపిల్లల్ని కాల్చరు కాబట్టి మావారే తీసుకెళ్ళి పూడ్చి వచ్చారు. తల్లి రాకూడదన్నారు. తర్వాత చిన్న రాయి వేయిద్దామంటే మా అత్తగారు ఫోన్‌లో తేల్చేశారు.

"పేరు కూడా పెట్టని పిల్లకి రాయేంటమ్మా? పూడ్చిన చోటికి మళ్ళీ వెళ్ళకూడదు."

మావారు ఊఁ కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పంతం పట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను. శ్మశానం ఆఫీసులో అడిగి చోటు తెలుసుకున్నాను. అప్పట్నుంచీ ఒక్కదాన్నే వెళ్ళొస్తున్నాను.

టూర్ చెప్పే ముసలాయన మంచి హుషారు మనిషి. పారిస్‌లో ఒక పెద్ద శ్మశానం ఉందట, దాన్ని చూసే దీన్నీ కట్టారట. ఊరికి దూరమని మొదట్లో అక్కడ చోటు కొనడానికి ఎవరూ ముందుకు రాలేదట. అప్పుడు ఎప్పుడో పోయిన పేరున్నవాళ్ళ ఎముకలు తెచ్చి అందులో పెట్టించారట. ఇక జనం నాకంటే నాకని ఎగబడ్డారట. ఇక్కడా అదే పని చేశారట, ఓ జనరల్‌ని తెచ్చి.

అందరూ నవ్వారు. మావారూ నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎముకలకి కూడా పేరుంటేనే విలువా? పేరు లేని పిల్ల పిల్ల కాదా?

ఆ జనరల్ విగ్రహం పసిపిల్లల్ని పూడ్చిన చోటు పక్కనే ఉంది. విగ్రహం మొత్తం ఫొటోలో పడాలని ఒక్కొక్కళ్ళూ వెనక్కి నడుస్తూ గడ్డిలోకి వచ్చేశారు. ఆ గడ్డి కింద ఎవరున్నారో ముసలాయన చెప్పనే లేదు.

"జరగండి! పిల్లల మీద నిలబడ్డారు, జరగండి!"

తెలుగులోనే అరిచాను. నా మొహం చూసి అందరూ గబగబా దారి మీదికి వెళ్ళిపోయారు. ముసలాయన సారీ, సారీ అంటూనే ఉన్నాడు. మావారు మాత్రం కెమెరా పట్టుకుని అక్కడే ఉన్నారు.

"మీకు వేరే చెప్పాలా?" అన్నాను.

"అరవకు, అందరూ చూస్తున్నారు. మన పాప ఇక్కడ కాదుగా, ఆ చెట్టు దగ్గర కదా?"

"కాదు. మీ కాళ్ళ కింద."

ఆయన కిందికి చూశారు. ఎటు చూసినా ఒకటే గడ్డి. ఒక కాలు పైకెత్తారు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయారు.

"ఇప్పుడు చెప్పండి," అన్నాను. "రాయి వద్దా?"