ఇంకొరొనాతా పేరిట ఒక కప్పు

ఆ శనివారానికి ఇంకొరొనాతా పోయి నలభై రోజులు. సవేత పొద్దున్నే లేచి గోధుమలు పొయ్యిమీద పెట్టింది.

ఇటలీలో సవేత ఇంట్లోనే ఉండి చూసుకున్న ఆ పెద్దావిడకు అక్క కొడుకు ఒక్కడే దిక్కు. అతను మిలాన్ నుంచి వచ్చి, చర్చిలో పూజ చేయించి, నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయమని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. అతని మటుకు జరగాల్సింది జరిగిపోయింది. సవేతకు మాత్రం అసలుది ఇంకా మిగిలే ఉంది. రొమేనియాలో బోతొషాని పక్కన వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళ పేరిట నలభయ్యో రోజున పొమానా అని దానం ఇస్తారు. కొత్త కప్పు, తువ్వాలు, జడలా అల్లిన రొట్టె, పంచదారా అక్రోటు పొడీ కలిపిన గోధుమలు, వెలిగించిన కొవ్వొత్తి. పుచ్చుకున్నవాళ్ళు ఇక్కడ ఆ కప్పుతో తాగితే అక్కడ పోయినవాళ్ళ దాహం తీరుతుంది. పుచ్చుకునే చెయ్యి దొరక్కపోతే ఆ మనిషి దాహంతోనే ఉండిపోతుంది. పదకొండేళ్ళు తన చేత్తో మంచినీళ్ళు తాగించిన మనిషిని అలా వదిలేయడం సవేతకు చేతకాలేదు.

అక్రోట్లు కొట్టిపెట్టడానికి అగ్లాయా వచ్చింది. రెండు వీధుల అవతల ఒక ముసలాయన్ని చూసుకుంటుంది.

"ఒసే సవేతా, ఆవిడ కేథలిక్కు, మనం ఆర్థడాక్సు గదే. మన కప్పు ఆవిడ దాకా పోనిస్తారా, సరిహద్దులో మన బస్సును ఆపినట్టు ఆపేస్తారా?"

"మన దగ్గర కాగితాలు లేక ఆపారు. ఆవిడకేం తక్కువ?"

ఎందుకొచ్చిన గొడవ, రేపు ఆదివారం పార్కులో మనవాళ్ళకు పంచేయి, క్షణంలో గిన్నె ఖాళీ అవుతుంది అని అగ్లాయా సలహా ఇచ్చింది. సవేత ఒప్పుకోలేదు. మనవాళ్ళు పుచ్చుకుంటారు సరే, వాళ్ళలో ఒక్కరైనా ఆవిణ్ణి ఎరుగుదురా? ఎరిగిన చేతికే వెళ్ళాలి. ఎరిగిన చెయ్యి అంటే మూడో అంతస్తు పియెరీనా, నలభై ఏళ్ళ పొరుగు. అగ్లాయా పెదవి విరిచింది.

విరవడానికి కారణం ఉంది. ఊళ్ళో ఉన్నంతకాలం సవేత తనను రొమేనియన్ అని ఎన్నడూ అనుకోలేదు. దారపు మిల్లులో కూలీ, తొదెర్ గారి కోడలు, అంతే. మిల్లు మూతపడి, రెండు రోజులు మినీబస్సులో కూర్చుని తూరిన్‌లో దిగిన మొదటి వారంలోనే, ఈ మెట్ల మీదే, ఆమెకు ఆ పేరు పడింది. వెండి చెంచాలు బీరువాలో పెట్టి తాళం వేసుకో, వీళ్ళు రొమేనియన్లు అని పియెరీనా పెద్దావిడకు చెబుతుంటే సవేత పక్కనే నిలబడి ఉంది. అప్పటికామెకు ఇటాలియన్ రాదు. చెంచా, తాళం, రొమేనియన్ అన్న మూడు మాటలు తెలిస్తే సరిపోయింది.

ఆ పూట భోజనానికి ఇంకొరొనాతా ఆ వెండి చెంచాలే బయటికి తీయించి, ఒకటి సవేత చేతిలో పెట్టింది. తను ఇటలీ దక్షిణాన ఉన్న పుల్యా నుంచి వచ్చిన కొత్తల్లో, దక్షిణాదివాళ్ళకు అద్దెకివ్వం అని రాసిన అట్టలు ఈ వీధిలోనే చదివిందట. ఆ తర్వాత రోజూ సాయంత్రం, మీ ఊళ్ళో ఇది ఎలా చేస్తారు, అది ఎందుకు చేస్తారు అని అడిగేది. మార్చి ఒకటిన ఎరుపూ తెలుపూ దారం ఎందుకు కడతారో సవేత ఏనాడూ ఆలోచించలేదు. పెద్దావిడకు జవాబు చెప్పాలి గనుక ఊళ్ళో పెద్దమ్మకు ఫోన్ చేసి మరీ కనుక్కుంది. అడిగేవాళ్ళుంటేనే మనకేముందో మనకు తెలుస్తుంది. నా ఊరిని నాకిచ్చింది ఈ ఇటలీ ముసలమ్మే అని అగ్లాయాతో ఎన్నిసార్లు చెప్పిందో.

పదకొండు గంటలకు పళ్ళెం పట్టుకుని పైకి వెళ్ళింది. పియెరీనా తలుపు సగమే తీసి, ఇదేమిటని అడిగింది. పోయినవాళ్ళ పేరిట చేసే దానం అని చెప్పింది సవేత.

"దానమా? నీ దగ్గర దానం పట్టే గతి నాకింకా పట్టలేదమ్మా."

తలుపు మూసుకుపోయింది.

గడప దాటిన పొమానా మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. కిందికి తీసుకుపోలేదు, అక్కడ వదిలేసి పోలేదు. సవేత మెట్టు మీద కూర్చుని, ఒక చేత్తో కొవ్వొత్తికి గాలి తగలకుండా అడ్డుపెట్టింది. కొవ్వొత్తి సగానికి దిగింది. తలుపు వెనక చెప్పుల చప్పుడు రెండుసార్లు వచ్చి వెళ్ళింది. మూడోసారికి తలుపు తెరుచుకుంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?"

"ఇది మీకు కాదండీ, ఆవిడకు. ఆవిడకిప్పుడు చేతులు లేవు గదా, మీ చేతులు అడుగుతున్నాను."

పియెరీనా పళ్ళెం వంక చూసింది. మోకాళ్ళ నొప్పి అని ఆవిడ సమాధి దగ్గరికి కూడా వెళ్ళలేదు తను. చివరికి పళ్ళెం అందుకుంది. అందుకున్నదే తడవు, వట్టి చేతులతో పంపడం వాళ్ళ ఇంటా వంటా లేదు గనుక, బల్లమీది పీచ్ పళ్ళ సీసా తీసి ఇవ్వబోయింది. సవేత రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"వద్దండీ. బదులిస్తే ఆవిడకు చేరదు. థాంక్స్ కూడా చెప్పకూడదు."

"ఇదెక్కడి చోద్యం! మరేం చెప్పాలి?"

"దేవుడు ఆవిణ్ణి క్షమించాలి అనాలి."

"ఆవిడేం చేసిందని?" అంది పియెరీనా. అయినా సవేత చెప్పిన మాట నెమ్మదిగా, చివరిదాకా అంది. తర్వాత నిలబడే ఒక చెంచా గోధుమలు నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"పంచదార దిమ్మరించావు. ఆవిడకు షుగరు గదే."

"అక్కడ షుగర్ ఉండదండీ."

పియెరీనా కళ్ళు తుడుచుకుని, కొత్త కప్పును కుళాయి కింద పెట్టింది. ఆ కప్పు నిండా నీళ్ళు ఆమె తాగేదాకా సవేత గడప దగ్గరే నిలబడింది.