ఇంజను తీస్తే తిరగని పడవ

కోవిడ్ రావడానికి ముందటి శీతకాలంలో ఖరగ్‌పూర్ ఊరి బయట, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కు దాటాక ఉన్న ఒక రేకుల షెడ్డులో టెస్టింగ్ ఇన్‌ఛార్జిగా చేరాను. అంతకుముందు రైల్వే వర్క్‌షాపులో, డీజిల్ ఇంజన్ల టెస్ట్ బెడ్ దగ్గర సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా పనిచేసి, యాభై దాటగానే స్వచ్ఛందంగా రిటైరయ్యాను. మరమ్మతైన ఇంజనును బండికి ఎక్కించకముందే నేల మీద బిగించి, మెట్టు మెట్టుగా భారం పెంచి పరీక్షించే చోటు టెస్ట్ బెడ్. ఆ ఇంజన్ల దడకి షెడ్డు మీది పావురాలు మూడు తరాలుగా చెవిటివే పుడుతున్నాయని మలంచా పేట టీ కొట్టులో ఒకసారి చెప్పాను. అప్పట్నుంచీ అక్కడ నా మాటల్ని సగానికి సగం తగ్గించుకుని వింటున్నారు. ఈ సంగతిలో మాత్రం తగ్గించుకోవలసింది ఏమీ లేదు.

షెడ్డు యజమాని దత్తబాబు వరదల్లో జనాన్ని దాటించే అల్యూమినియం జెట్ బోట్లు కట్టేవాడు. జెట్ బోటుకు అడుగున పంకా ఉండదు, వెనక చుక్కాని ఉండదు. అడుగు జాలీలోంచి నీళ్ళు పీల్చి వెనక గొట్టంలోంచి చిమ్ముతుంది. ఆ విసురుకే ముందుకు పోతుంది. స్టీరింగు తిప్పితే తిరిగేది ఆ గొట్టం మూతి. మోకాలి లోతు నీళ్ళలో కూడా నడుస్తుంది కనక మునిగిన పొలాల మీద దానికి సాటి లేదు.

కొనడానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది స్పీడు. అందుకని ఇంజను బలం పెంచమన్నాడు దత్తబాబు. టర్బో మార్చాం, ఇంధనం పెంచాం, నీళ్ళు తోసే చక్రం రెక్కల వంపు మార్చాం. ఒక్కో మార్పు తర్వాత కాంసాయి నదిలో, ఆనకట్టకు ఎగువన నీళ్ళు నిలిచే చోట ట్రయల్. పద్ధతి టెస్ట్ బెడ్ పద్ధతే. వేడి, ఆయిల్ ప్రెషర్ నిలకడకు వచ్చాకే పై మెట్టు. ఏటికి ఎదురు ఒకసారి, వాలున ఒకసారి నడిపి, ఆ రెండింటి సగటునే అసలు వేగంగా తీసుకునేవాళ్ళం.

నడిపేది మా బావ అప్పలస్వామి. మెయిల్ బండ్ల లోకో పైలట్‌గా రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి తాతలు వచ్చిన నాటి నుంచీ మా రెండిళ్ళకూ రైల్వే తప్ప వేరే అన్నం తెలియదు. థ్రాటిల్ మీద ఆయన చెయ్యి ఉంటే పక్కనున్న గ్లాసులో టీ తొణకదు.

యాభై కిలోమీటర్ల వేగం దాకా పడవ నీటి మీద పీట వేసుకున్నట్టు కూర్చుంది. అరవై దాటాక ముక్కు లేచి పడడం మొదలైంది. డెబ్బై దగ్గర రెండు పక్కలకీ ఊగడం. అడుగు గాల్లోకి లేచినప్పుడు జాలీ నీళ్ళకు బదులు గాలి పీల్చేది. ఇంజను కేక పెట్టేది గాని తోపు ఉండేది కాదు. తడి పట్టాల మీద చక్రాలు జారినట్టే.

రైల్లో పై వేగం ఇంజను నిర్ణయించదనీ, లైను నిర్ణయిస్తుందనీ, ఇక్కడ లైను అంటే పడవ అడుగేననీ దత్తబాబుకు చెప్పాను. శ్రద్ధగా విని, “ఆరేక్టు, దాదా” అన్నాడు. ఇంకొంచెం అని. టీలో చక్కెర దగ్గర్నుంచి ఆయనకు అన్నిటికీ అదే మాట.

అసలు భయం ఇంకొకటి ఉంది. నీళ్ళు చిమ్ముతున్నంతసేపే ఆ పడవకు స్టీరింగు. థ్రాటిల్ తీసేస్తే, అంటే ఇంజను తగ్గించేస్తే, స్టీరింగు ఎంత తిప్పినా ముక్కుసూటిగా పోతుంది.

“బావా, ఏదైనా అడ్డొస్తే ఇంజను తియ్యకు. ఇంజనిచ్చి తిప్పాల.”

“ఎన్నిసార్లు సెప్తావురా? ముప్పై ఏళ్ళు బండి తోలినోడికి పడవ నేర్పుతావేటి?”

“బండిని పట్టాలు తిప్పుతాయి. దీన్నెవుడు తిప్పుతాడు?”

“తెలుసులేరా. పోయి నీ పావురాలకి సెప్పు, ఇంటాయి.”

ట్రయల్ జరిగే చోటే హరిపద, అతని భార్య మాలతి చిన్న డింగీలో చేపలు పట్టుకునేవారు. వాళ్ళ కోసం ఆ నీళ్ళను, ఒక బండి ఉండగా ఇంకోటి అడుగుపెట్టకూడని రైల్వే బ్లాకులాగే నడిపాం. ఏటి వంపు దగ్గర షెడ్డు వాచ్‌మన్ మా పడవకు పచ్చ జెండా ఎత్తితే, అది దించేదాకా వాళ్ళు గట్టు వదలకూడదు. ఒక్కనాడూ మాట తప్పలేదు.

ఆ ఉదయం కొనేవాళ్ళు గట్టు మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వంపు దగ్గర జెండా లేచి ఉంది. డెబ్బై అందుకుని ఒకసారి వాళ్ళ ముందునుంచి పోయి, మళ్ళీ వచ్చాం. దత్తబాబు గట్టు మీంచి రెండు వేళ్ళు కాస్త ఎడం చేసి చూపించాడు. మాట వినపడకపోయినా ఏమన్నాడో తెలుసు. బావ థ్రాటిల్ ముందుకు తోశాడు. ముల్లు ఎనభై దాటింది.

ఇసుక తిప్ప వెనకనుంచి డింగీ బయటికొచ్చింది. మా మొదటి పరుగు లేపిన అలకు వల తేలుడుబెండు తెగి కొట్టుకుపోతుంటే, దాని వెంట పడ్డారు ఇద్దరూ. జెండా వైపు చూడలేదు, మా వైపూ చూడలేదు.

బావ కుడిచెయ్యి థ్రాటిల్‌ని ఒక్క లాగున సున్నాకి తెచ్చింది. ఎడమచెయ్యి బ్రేకు హ్యాండిల్ కోసం గాలిలో వెతికింది. అక్కడ హ్యాండిల్ లేదు. ఇంజను మోత పడిపోయి, రేకు అడుగు కింద నీళ్ళు గీరుకుంటున్న చప్పుడొక్కటే మిగిలింది. ఆయన స్టీరింగు చివరిదాకా తిప్పేశాడు. పిల్లల బొమ్మకారు చక్రంలా ఊరికే తిరిగింది. పడవ తిన్నగా పోతోంది. మాలతి తలెత్తింది. ఆమె చేతి తెల్లటి శంఖు గాజులు కనబడేంత దగ్గరికి వచ్చేశాం.

“ఇంజనియ్యి బావా! ఇయ్యి!” అని అరిచాను.

బావ నా మొహంలోకి చూశాడు. ఎదురుగా మనుషులుంటే ఇంజనివ్వమంటున్నవాణ్ణి ఎలా చూడాలో అలాగే చూశాడు. ఇన్నేళ్ళలో నేను కోసిన ఏ కోతకీ ఎవరి నోరూ అంతలా తెరుచుకోలేదు. చెయ్యి మాత్రం కదల్లేదు. ఆ చేతి మీదుగానే నా అరచెయ్యి వేసి థ్రాటిల్‌ని ముందుకు తోశాను. స్టీరింగు అప్పటికే చివరిదాకా తిరిగి ఉంది. పడవ ఉన్నచోటే మడతపడ్డట్టు తిరిగి, తిప్ప ఎక్కి, ఇసుకలో కూరుకుపోయింది. డింగీకి పడవ తగల్లేదు. అల తగిలింది, బోర్లా పడింది.

కాసేపు నీటి మీద ఎవరూ కనబడలేదు.

ముందు మాలతి లేచింది. ఛాతీ లోతు నీళ్ళు. ఒక చేత్తో బెండు, ఇంకో చేత్తో హరిపద చొక్కా కాలరు. తిన్నగా వచ్చి బావ ముందు నిలబడి, “చోఖేర్ మాథా ఖేయేఛో?” అంది. కళ్ళు దొబ్బాయా అని. బావకి భుజం ఎముక విరిగింది. దాన్ని పట్టుకుని, “ఆపినాను దీదీ. నాను ఆపినాను” అన్నాడు. హాస్పిటల్ చేరేదాకా అదే మాట, తెలుగులోనే. నిజమే. ఆపాడు కాబట్టే అంత పనీ అయింది.

తర్వాత నేనే నడిపి, ఒక్కో వేగం దగ్గర థ్రాటిల్ తీసేసి పడవ ఎంత దూరం సూటిగా పోతుందో కొలిచాను. ఎదురుగా కనబడే ఖాళీ నీళ్ళలో సగం లోపల ఆ దూరం ముగియాలి. ఆ వంపులకీ తిప్పలకీ లెక్క కడితే వేగం యాభై వచ్చింది. మేము చెయ్యి పెట్టకముందు ఆ ఇంజను ఇచ్చిన వేగమే అది. మరి ఇంత బలం ఎందుకు పెంచినట్టని దత్తబాబు గుడ్లు తేలేశాడు. మనుషుల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు నింపి ఏటికి ఎదురు నడిపించాను. మార్పులు చెయ్యని ఇంజనుతో ఆ బరువుకి పడవ నీటి మీద జారేంతగా పైకి లేవనే లేదు. బలం పెంచినదానితో యాభై అందుకుంది. గూడ్సు ఇంజనుకు బలం ఇచ్చేది పరిగెత్తడానికి కాదు, లాగడానికి. లైను పక్కన ఉండే స్పీడు బోర్డులాగే పసుపు రేకు మీద నల్ల అంకె రాయించి, స్టీరింగు ముందు రివెట్లు కొట్టించాను.

ఆ ఉదంతం నేర్పింది ఇంకొకటి ఉంది. తెలుసా అని మనిషి నోటిని అడిగి లాభం లేదు, చేతిని అడగాలి. అందుకని ఎవరికి పడవ ఇవ్వాలన్నా ముందు చెప్పకుండా దారిలోకి ఖాళీ డ్రమ్ము దొర్లించేవాళ్ళం. చెయ్యి థ్రాటిల్‌ని ముందుకు తోసి తిప్పితేనే పాసు. ఎముక అతుక్కున్నాక బావ కూడా ఆ పరీక్షకు కూర్చున్నాడు. ప్రతిసారీ చెయ్యి వెనక్కే వచ్చింది. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆయన వంపు దగ్గరే నిలబడ్డాడు. డింగీ తాడు గట్టున తానే కట్టి, ముడి లాగి చూసుకుని, ఆ తర్వాతే పచ్చ జెండా ఎత్తేవాడు.