ఏటా ఒక పంచెల చాపు

పుట్టిన ఊరు ఏదని అడిగితే రంగూన్ అని చెప్పాను. ఓటర్ల జాబితా సరిచూడటానికి అరకులో మా ఇంటికి వచ్చిన అమ్మాయి రాసుకుంటున్నదల్లా ఆగి నా మొహం చూసింది. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఇలాంటిచోట శ్రీకాకుళం అనో విజయనగరం అనో చెప్పి ఊరుకుంటారు. మా నాన్న అలా చెప్పలేదు. నేనూ చెప్పను. రంగూన్ నది ఒడ్డున మాకు బియ్యం మిల్లు ఉండేది. దాన్ని నిలుపుకోవడానికి నాన్న ఆ దేశపు పౌరసత్వం కూడా తీసుకున్నారు. తరువాత మిల్లును అక్కడి ప్రభుత్వం తీసుకుంది. పౌరసత్వం మాత్రం మాకు మిగిలింది.

ఆ ఒక్క జవాబుకి జాబితాలో నా పేరు పోయింది. పాడేరు ఆఫీసుకి పిలిపించారు. అక్కడి అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి, భారత సంతతివాడిగా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవాలనీ, అది వచ్చేదాకా నేను పరాయి దేశస్థుడి కిందే లెక్క అనీ చెప్పాడు. ఈ దేశానికి ఎలా వచ్చాను, ఎక్కడ ఉన్నాను, నన్ను ఎరిగిన పౌరులు ఎవరు, వీటికి ఆధారాలు కావాలన్నాడు. డెబ్బై దాటిన మనిషికి ఉండటానికి ఒక దేశం ఉందో లేదో ఆ ఆధారాలే తేల్చాలి.

వచ్చినట్టు కాగితం ఉంది. నాన్న పక్కన నిలబడిన నా ఫొటో, దాని మీద విశాఖపట్నం రేవు ముద్ర. ఉన్నట్టు మాత్రం ఏమీ లేదు. రేవులో దిగినవాళ్లకి కాందిశీకుల కార్డులు, కాలనీలో స్థలాలు ఇస్తుంటే నాన్న ఆ వరసలో నిలబడలేదు. మనం కాందిశీకులం కాదు అన్నారట. కొండల్లో రైలు మార్గం వేస్తున్న కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాయడానికి కుదిరి, అరకు వచ్చి, ఇక్కడే ఉండిపోయారు.

ఏజెన్సీలో మైదానం మనుషులకి భూమి రిజిస్టరు కాదు. ఒక గిరిజన రైతు తన పొలం అంచున ఇల్లు కట్టుకోమన్నాడు. నాన్న కట్టారు. మిగతాది ఎలా ఉన్నా గుమ్మానికి టేకు తలుపే ఉండాలని, ఉన్న ఉంగరం అమ్మి చేయించారు. పన్నూ కరెంటు మీటరూ ఆ రైతు పేరునే ఉన్నాయి, ఆయన పోయాక కొడుకు పేరుకి మారాయి. మేము మాత్రం దాన్ని మా ఇల్లనే అన్నాం. అమ్మా నాన్నా ఆ ఇంట్లోనే పోయారు, నా భార్యా అక్కడే పోయింది.

అధికారి అంతా విని, ఇంటి యజమాని దగ్గర అద్దెకు ఉన్నట్టు రాయించుకు రమ్మన్నాడు.

ఆ మాట మింగడానికి నాకు చలికాలమంతా పట్టింది. బయట పచ్చగా పూసిన వలిసె చేలల్లో నిలబడి, చూడవచ్చిన జనం ఫొటోలు దిగుతుంటే నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. చివరికి ఒక ఉదయం పొలం దాటి ఆ కొడుకు ఇంటికి వెళ్లాను. నాకన్నా నాలుగైదేళ్లు చిన్నవాడు. వాకిట్లో కాఫీ పళ్లు ఎండబోస్తున్నాడు. విషయం నిలబడే చెప్పాను.

"రాయిద్దుం బాబూ. దానికేటి?" అన్నాడు.

"నీకు అద్దె ఎప్పుడూ ఇవ్వలేదు. అబద్ధం కింద నేను సంతకం పెట్టను."

అతను చేతిలోని పళ్లు చాప మీద వదిలి నావైపు తిరిగాడు.

"ఇవ్వకపోడమేటి? ఏటేటా కొత్తల పండక్కి పంచెల సాపు ఇత్తన్నారు గదా. మా అయ్య అదే అద్దె అనీవోడు. నానూ అలాగే తీసుకున్నాను."

కొత్త పంట మొదటిసారి వండుకునే ఆ పండగనాడు నాన్న వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. రైతు కింద వాకిట్లో నిలబడి రెండు చేతులూ చాపేవాడు. అంచుకి పసుపు పెట్టిన పంచెల చాపు నాన్న పైనుంచి ఆ చేతుల్లో ఉంచేవారు. మిల్లులో పనివాళ్లకి బట్టలు పెట్టిన చెయ్యి అది. నాన్న తరువాత ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. అన్నీ పోయినా పెట్టే చెయ్యి పోలేదని అనుకునేవాణ్ణి.

లోపలి నుంచి అతని భార్య అందుకుంది. "ఒకేడు సాపులో సిరుగొచ్చింది. అడగమంటే ఈయన అడగనేదు. పెద్దోరు, పోనీలే అన్నాడు."

అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నేను అడిగినదానికన్నా గట్టి ఆధారం దొరికింది, పైగా అది అబద్ధం కూడా కాదు.

భార్యాభర్తలిద్దరూ నాతో పాడేరు వచ్చి ప్రమాణపత్రాలు ఇచ్చారు. ఏటా ఒక పంచెల చాపు అద్దెగా ముడుతున్నదని అందులో రాసి ఉంది. అధికారి ఆ వాక్యం రెండుసార్లు చదివి, చెల్లుతుందన్నాడు. అద్దెదారు అన్న మాట కింద నేను సంతకం చేశాను. దరఖాస్తు పైకి వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు.

ఈ ఏడు కూడా పండక్కి చాపు తెచ్చాను. ఎప్పటిలాగే అతను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నేను కుర్చీ వేసుకోలేదు. మెట్లు దిగి, వెళ్లి ఇచ్చాను. అతను మడత విప్పి, వెలుగుకి ఎత్తి పట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. అదివరకు ఎన్నడూ అలా చూసుకోలేదు.

"బాగుంది," అని మళ్లీ మడిచాడు. వెళ్లబోతూ గుమ్మం వైపు చూసి, "ఆ తలుపు ఎండిపోతంది బాబూ. బేగి నూనె రాయించండి," అన్నాడు.

అది మా నాన్న ఉంగరం అమ్మి చేయించిన తలుపు. అలాగే అన్నాను.