చాట దాటిన మాట

మా ఆయన బొంబాయి నుంచి తెప్పించిన పాటల పెట్టె అంతా ఇంతా కాదు. టేపు పెట్టేది ఒకటి, ఆవాజు పెంచేది ఒకటి, నా నడుము ఎత్తు స్పీకర్లు రెండు. దాజీ పేటలోని మా ఒంటి గదిలో వాటిని పెట్టాక, మా ఇంట్లో బీడీలు చుట్టడానికి వచ్చే ఆడవాళ్లకు కాళ్లు చాపుకునే చోటు లేకుండా పోయింది. అయినా సర్దుకున్నాను. ఏళ్ల తరబడి సాంచాల, అదే మరమగ్గాల, మోతలో బట్ట నేసి ఆయన చెవులు మొద్దుబారాయి. ఇంట్లో మాట్లాడే మాటల్లో సగం ఆయనకు అందేవి కావు. పాటైనా పూర్తిగా వినాలని ఆయన ఆశ.

పెట్టె నుంచి ఒక సన్నని తీగ కిటికీ దాకా పోయేది. చివర నల్లటి బొడిపె. ఏమిటని అడిగాను.

"రేడియో తీగ. ముట్టకు, ఖరాబైతది," అన్నాడు.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. చదువు ఆ తర్వాత ఎన్నాళ్లకో వచ్చింది. ఆ పెట్టె గురించి ఆయన చెప్పిందే నాకు తెలిసింది.

మధ్యాహ్నాలు ఒళ్లో చాటలు పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ మేము అన్నీ మాట్లాడుకునేవాళ్లం. అత్తల ముందు అనలేనివి, మొగుళ్లతో చెప్పలేనివి. పక్కింటి ఆమె నాకు చెల్లెలి లెక్క. ఆమె ఏం చెప్పినా నేను ఒకటే అనేదాన్ని: "ఈ మాట ఈ చాట దాటదు."

సాంచాలకు సెలవున్న రోజు ఆయన తన జతగాళ్లను పిలిచాడు. నా వాళ్లను నేను పిలుచుకున్నాను, ఇంటింటికీ పోయి మరీ.

"మీ పెట్టె మోగితే మా అటుక మీది గిన్నెలు ఉరుకుతున్నయక్కా," అని నవ్వుతూనే వచ్చింది పక్కింటామె. ఆమె మొగుడు స్పీకర్ల ముందు మగవాళ్లతో కూర్చున్నాడు. అందరికీ నేనే చాయ్ పోశాను.

మొదట పాటలు పెట్టాడు.

"అరే, తబలా ఈ మూలకెళ్లి, హార్మోనియం పేటి ఆ మూలకెళ్లి వస్తున్నది!" అని ఒకాయన లేచి స్పీకరు వెనక్కి తొంగి చూశాడు.

"లోపట ఎవలన్న కూసున్నరేమో, వాళ్లకు గూడ చాయ్ పొయ్యి వదినా!" అన్నాడు ఇంకొకాయన. అందరూ విరగబడి నవ్వారు. నాకూ గొప్పగానే ఉండింది.

"ఇగ అసలు కమాల్ ఇనుండ్రి. మనింట్లనే పట్టిన," అని మా ఆయన టేపు మార్చాడు.

తునికాకు మీద కత్తెర ఆడే చప్పుడు గదంతా నిండింది. ఆడవాళ్లు గుర్తుపట్టి కిసుక్కున నవ్వారు. ఆ వెంటనే పక్కింటామె గొంతు, పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా.

"కొడుకు కొడుకని మా అత్త మొక్కని దేవుడు లేడక్కా. పుట్టింటికి వోయినప్పుడే ఆపరేషన్ చేయించుకొని వచ్చిన. ఆయనకు గూడ ఎరుక లేదు."

అందరి నోళ్లు మూతపడేసరికి వినపడటం లేదేమో అనుకున్నాడు మా ఆయన. ఆవాజు ఇంకా పెంచాడు. ఈసారి గల్లీ అంతటికీ వినిపించింది నా గొంతు: "ఈ మాట ఈ చాట దాటదు పో."

ఆమె మొగుడు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు. ఆమె కొంగు సర్దుకుని లేచింది. గడప దగ్గర ఆగి నా వైపు చూసింది.

"చాయ్ పోసి మరీ కూసోబెట్టినవ్ గదక్కా," అంది.

నాకు తెలియదని చెప్పాలని వెంట పోయాను. తలుపు వేసుకుంది. వారం తిరగకముందే ఆమెను పుట్టింటికి పంపించారు. ఎన్నో నెలలకు తిరిగి వచ్చినా, మా గడప తొక్కలేదు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వేరే ఇళ్లల్లో కూర్చోవడం మొదలుపెట్టారు.

"ఆడోళ్ల గొంతులు నాకు సక్కగ అందవు. ఏదో నవ్వులాటని పట్టిన," అన్నాడు మా ఆయన. చెవులు అందకపోవడం నిజమే. మాటలు పట్టే మైకును రేడియో తీగ అని నాతో చెప్పిన నోరు మాత్రం బాగానే పనిచేసింది.

ఒకనాడు నేను ఒక్కదాన్నే ఆకు కత్తిరిస్తుంటే అడిగాడు.

"నీ వాళ్లు వస్తలేరేంది?"

"నిన్ను నమ్మినందుకు," అన్నాను.

"ఆ? ఏమన్నవ్?" అంటూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

నేను రెండోసారి చెప్పలేదు.